జానెడు పదును

నలభై రెండో ఏట నన్ను మళ్లీ యూనివర్సిటీలో చేర్పించింది మా ఆయనా కాదు, మా పై అధికారీ కాదు. అనంతపురం జిల్లా యాడికి దగ్గర ఒక పల్లెలో మూడెకరాల మెట్ట చేను ఉన్న అవ్వ. తనే చేర్పించిందన్న సంగతి ఆమెకు చాలాకాలం తెలియదు. తెలిశాక మాత్రం నా చదువును తన సొంత సేద్యంలాగే చూసుకుంది. అక్కడే నా కొంప మునగబోయింది.

నేను అప్పటికి పదిహేడేళ్లుగా వ్యవసాయ శాఖలో ఉన్నాను. మండల వ్యవసాయాధికారి అంటే వినడానికి పెద్దగా ఉంటుంది గానీ, ఊళ్లలో నన్ను ‘అగ్రికల్చర్ మేడమ్మ’ అనే పిలిచేవాళ్లు. ప్రతి ఏడాదీ విత్తే కాలానికి ముందు పల్లె పల్లె తిరిగి ఒకటే పాట పాడేదాన్ని. తొలి చినుకులకే తొందరపడి వేరుశనగ విత్తకండి, ఇన్ని మిల్లీమీటర్ల వాన పడేదాకా ఆగండి అని. వాళ్లు తలలూపేవాళ్లు. నేను సంతకాలు పెట్టించుకుని వచ్చేసేదాన్ని. అలా పదిహేడేళ్లు హాయిగా గడిచిపోయాయి.

ఆ ఏడాది బడి వరండాలో మీటింగు పెట్టినప్పుడు వెనక వరసలోంచి అవ్వ లేచింది.

“మిల్లీమీటరంటే ఏందో నాకు తెలీదు మేడమ్మా. నువ్వు చెప్పే ఆ వాన కొలిచే సీసా ఎమ్మార్వో ఆఫీసు గోడ పక్కన ఉండాది. నా చేను వాగు అవతల ఉండాది. ఈడ పడిన వాన ఆడ కూడా పడల్లని ఎవురన్నా రాసిచ్చినారా?”

అందరూ నవ్వారు. నాకు ముక్కు మీద కోపం. “అయితే నువ్వెలా చూస్తావో చెప్పు, విందాం” అన్నాను ఎగతాళిగా.

“గడ్డపార పొడిచి, గుంతలో చెయ్యి పెట్టి చూస్తా. జానెడు పదును దిగితే గొర్రు కట్టి విత్తల్ల. బెత్తెడే దిగితే గమ్మునుండల్ల. మా అవ్వ చెప్పిండె. బెత్తెడు పదునులో వేసిన విత్తనం ఎన్నాళ్లు బతుకుతాదో, జానెడుకూ బెత్తెడుకూ మధ్యన దిగితే ఏం చేయల్లనో మా అవ్వ చెప్పలేదు. నీ పుస్తకంలో ఉంటే నువ్వు చెప్పు.”

పదును అంటే విత్తడానికి సరిపడా మట్టిలోకి దిగిన తడి. మా సీమలో పుట్టిన వాళ్లెవరికీ ఆ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. కానీ అవ్వ అడిగిన దానికి నా దగ్గర జవాబు లేదు. బీఎస్సీలో చదువుకున్న మట్టి పాఠాలు ఎప్పుడో ఇంకిపోయాయి. “టైమయిపోయింది, తర్వాత చూద్దాం” అని ఫైలు మూసేశాను. ఆ మూసేయడం చాన్నాళ్లు నన్ను పొడుస్తూనే ఉంది. బస్సులో, ఆఫీసులో, వంటింట్లో, ఎక్కడున్నా ఆ అవ్వ వెనక వరసలోంచి లేచి నిలబడేది.

కొన్నాళ్లకు పేపర్లో ఒక ప్రకటన చూశాను. మెట్ట సేద్యం మీద పీజీ డిప్లొమా, రెండేళ్లు, పాఠాలన్నీ ఇంటర్నెట్‌లోనే. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయింది గానీ ఇంటర్నెట్‌లో డిగ్రీ అంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. “ప్రమోషన్ ఏమన్నా వస్తాదా మేడం?” అని అడిగారు. రాదన్నాను. “మరి ఏంటికి?” అన్నారు. నేను అప్లికేషన్ నింపుకున్నాను. హైస్కూల్లో లెక్కలు చెప్పే మా ఆయన మాత్రం అప్లికేషన్ చదివి, “హాల్ టికెట్ మీద ఫొటో కాస్త నవ్వుతూ దిగు, పాత దాంట్లో కొట్టేలా ఉన్నావు” అన్నాడు. ఆయన ఒప్పుకోవడం ఎప్పుడూ అలాగే ఉంటుంది.

యాడికి బస్టాండు పక్కన ఒకప్పుడు ఎస్‌టీడీ బూత్ ఉండేది. సెల్‌ఫోన్లు వచ్చి దాని పని అయిపోయాక, దాని యజమాని ఆ అద్దాల గదిని వెనక్కి పెంచి, తాడిపత్రి బండలు పరిచి, మూడు కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్ సెంటర్ చేశాడు. నా ఈడువాడే. వాగు అవతల రెండెకరాల చేను కూడా ఉంది. పదునైన రోజు సెంటర్‌కు తాళం వేసి చేనికి పోయేవాడు. తలుపు మీద బోర్డు కూడా పెట్టేవాడు కాదు. ఆ రోజు యాడికిలో ఎవరికైనా వేరే పని ఉంటుందని ఆయనకు తోచేది కాదు.

సాయంత్రం ఆఫీసు అవగానే అక్కడికి పోయి గంటన్నర కూర్చునేదాన్ని. రెండు వేళ్లతో టైపు చేసేదాన్ని. మొదటి నెలలో పాస్‌వర్డ్ మూడుసార్లు మరిచిపోతే ఆయన విసుక్కుని, “మేడం, గోడ మీద రాసేదా?” అన్నాడు. రాశాడు కూడా. యూనివర్సిటీలో నా పాస్‌వర్డ్ ఏమిటో యాడికి బస్టాండు మొత్తానికీ తెలుసు. నా తరగతిలో ఒకాయన కొండల్లో తేయాకు తోటలో ఉద్యోగి, ఒకావిడ ఎక్కడో సముద్రం పక్కన ఉప్పునేలల మీద పనిచేసేది. వాళ్ల ముఖాలు ఎప్పుడూ చూడలేదు. మాకు పాఠం చెప్పే అమ్మాయి నాకంటే పదిహేనేళ్లు చిన్నది. ఆమె నా జవాబు కింద ‘బాగుంది’ అని ఒక్క మాట రాస్తే, ఆ పూట ఇంట్లో కూరలో ఉప్పు సరిగ్గా పడేది.

నిజం చెప్పాలంటే నా ఉద్యోగ జీవితంలో అంత సుఖమైన గంటన్నర ఇంకొకటి లేదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, సంతకాలు పెట్టించనక్కర్లేదు. తెలియని దాన్ని తెలియదని ఒప్పుకుని కూర్చోవడమే పని. ఇంట్లో పదో తరగతి చదివే మా అమ్మాయి, “నీ హోంవర్క్ అయిందామ్మా?” అని అడుగుతుంటే ఒళ్లు మండేది గానీ, లోపల ముచ్చటేసేది.

చివరి పేపరుకు పరీక్ష లేదు, ప్రాజెక్టు ఉంది. సొంతంగా పొలంలో కొలిచిన దాని మీద రాయాలి. నేను అవ్వ ప్రశ్ననే తీసుకున్నాను. విత్తే వాన పడిన మర్నాడు ఎనిమిది చేలలో తడి ఎంత లోతు దిగిందో కొలవాలి. ఒకే ఉదయం ఎనిమిది చోట్ల నేను ఉండలేను గనుక ఎనిమిది వేప కర్రలు చెక్కించి, అంగుళం అంగుళానికీ ఎర్ర గీత గీసి, ఎనిమిది మంది ఆడవాళ్లకు ఇచ్చాను. గుంత తవ్వి, కర్ర నిలబెట్టి, తడి ఆగిన చోట దారం కట్టి పంపితే చాలు. మొదటి కర్ర అవ్వదే. తన ప్రశ్న కోసమే ఇదంతా అని ఆ రోజే ఆమెకు చెప్పాను. ఆమె కర్రను అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది నీ పరీక్షనా?”

“అవును. ఇది పంపకపోతే తప్పినట్టే.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అది నేను చేసిన తప్పు. అప్పుడు తెలియలేదు.

మొదటి ఏడాది విత్తే వాన పడినప్పుడు నేను అనంతపురంలో ట్రైనింగులో ఉన్నాను. మూడు రోజుల తర్వాత వచ్చేసరికి చేలన్నీ ఆరిపోయాయి. యూనివర్సిటీ వాళ్లు ఒక్కసారికి గడువు పెంచారు. రెండోసారి కూడా ప్రాజెక్టు రాకపోతే పేరు కొట్టేస్తామని రాశారు. రెండేళ్లుగా చదివిందంతా గంగలో కలిసినట్టే. రెండో ఏడాది వాన ఏమో ఆలస్యం చేసింది. విత్తే నెల సగం గడిచింది, మొత్తం గడిచింది. నల్లటి మబ్బు పట్టేది, గాలి వచ్చేది, మబ్బు తాడిపత్రి వైపు పోయేది.

జీవితంలో మొదటిసారి రైతులతో సమానంగా ఆకాశం చూశాను. అంతకు ముందు వాన రాకపోతే రిపోర్టు రాసేదాన్ని, అంతే. ఇప్పుడు పొద్దున లేవగానే దొడ్లోకి పోయి పైకి చూసేదాన్ని. దారిలో ఎదురైన వాళ్లు, “ఏం మేడమ్మా, నీ పరీక్ష ఇంగా రాలేదే” అనేవాళ్లు. “నీ కోసమన్నా వాన రావల్లమ్మా, మా మొగాలు చూసి యాడొస్తాది?” అనేవాళ్లు. వాళ్లకు నా కంటే ఎక్కువ పోయేది ఉంది. అయినా నన్ను ఓదార్చేవాళ్లు. నాకు సిగ్గేసేది.

గడువుకు ముందు రోజు మధ్యాహ్నం మూడింటికి వాన మొదలైంది. ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి నేను చూస్తున్నాను, అటెండరు చూస్తున్నాడు, పని మీద వచ్చిన వాళ్లు చూస్తున్నారు. చీకటి పడేదాకా కురిసి ఆగింది. ఆ సాయంత్రం మా ఇంట్లో బొరుగుల ఉగ్గాణి, బజ్జీలు చేసుకుని పండగ చేసుకున్నాం.

మర్నాడు సాయంత్రం ఆరు గంటలకు గడువు. పొద్దున తొమ్మిదింటికల్లా అవ్వ ఎనిమిది కర్రలనూ కట్టగట్టి నెత్తిన పెట్టుకుని ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చింది. నాకు ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది. కర్రలు బల్ల మీద పరిచి, ఒక్కో దారం దగ్గర అంగుళాలు చూసి, కంప్యూటర్లో పట్టిక నింపాను. అన్నిట్లోనూ జానెడు. ఒకటి రెండింట్లో ఇంకో వేలెడు ఎక్కువ. ఎంత మంచి వాన! అవ్వ బయట హోటల్లో టీ తాగుతోంది.

సెంటర్ యజమాని నా వెనక నిలబడి కర్రల వైపు చూస్తున్నాడు.

“ఇది ఎవురి కర్ర మేడం?”

“అవ్వది.”

“అవ్వ చేను నా చేను పక్కనే కదా. నా దాంట్లో బెత్తెడు దిగింటే గొప్ప. పదునైతే నేనీడ ఏంటికి కూచుంటా మేడం, గొర్రు కట్టుకోని పోయిందును.”

మౌస్ వదిలేశాను. నిజమే. పదునైన రోజు ఈ సెంటర్‌కు తాళం ఉండాలి. పొద్దున తలుపు తీసి ఉండటం చూసి నేను సంతోషించానే తప్ప, ఎందుకు తీసి ఉందో ఆలోచించలేదు. ఇన్నేళ్లు వ్యవసాయ శాఖలో ఉండి!

కర్ర పట్టుకుని బయటికి పోయాను. “అవ్వా, నీ చేన్లో జానెడు దిగిందా?”

అవ్వ టీ గ్లాసులోకి చూసింది. “నీకు అంత దిగల్లని కట్టినాం.”

“అందరూనా?”

“అందరం వేప చెట్టు కింద కూచోని మాట్లాడుకునే కట్టినాం. కరువు రాసుకునేదానికి ఆఫీసరోళ్లొస్తే ఎప్పుడూ వాన తక్కువ చెప్తాం. నువ్వు మాదానివి. నీకు గూడా తక్కువ చెప్తే ఎట్ల? తక్కువ దిగితే నీకు మార్కులు తక్కువేయరా?”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బస్టాండులో నలుగురూ చూస్తుండగా నోటికి వచ్చినట్టు అరిచాను. నేనడిగానా అన్నాను. రెండేళ్ల చదువు నాశనం చేశారన్నాను. అవ్వ గ్లాసు అరుగు మీద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, అలాగే నిలబడింది. అంత వయసు మనిషిని అలా నిలబెట్టినందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

లోపలికి వచ్చి కూర్చున్నాను. పట్టిక సిద్ధంగా ఉంది. ఒక్కసారి నొక్కితే పోతుంది. యూనివర్సిటీ నుంచి ఎవరూ వచ్చి యాడికిలో గుంత తవ్వి చూడరు. నొక్కుదామనే అనుకున్నాను, దాచడమెందుకు. వేలు కూడా పెట్టాను. కానీ అవ్వ అడిగిన ప్రశ్నకు ఆ పట్టికలో జవాబు లేదు. ఆ జవాబు కోసమే కదా ఇంత దూరం వచ్చింది. లేచి సెంటర్ యజమానితో, “నీ మోపెడ్ తీయప్పా” అన్నాను.

ఆయన బండి నడుపుతుంటే, సెంటర్ మూలన ఉన్న ఆయన గడ్డపారా, ఒక కర్రా ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. మేము రోడ్డు చుట్టూ తిరిగి వాగు అవతలికి చేరేసరికి, అడ్డదారిన నడిచి అవ్వ మా కంటే ముందే తన చేను గట్టు మీద ఉంది. గడ్డపార నా చేతిలోంచి తీసుకుని తనే పొడిచింది. గుంతలో కర్ర పెట్టాను. బెత్తెడు కంటే కొంచెం ఎక్కువ. చేను దున్నినట్టే ఉంది, ఒక్క సాలు కూడా విత్తలేదు. గొర్రు ఇంటి గోడకు ఆనించే ఉందట.

“జానెడని దారం కట్టి, విత్తలేదేం?” అన్నాను, ఇంకా కోపంగానే.

“దారం నీకు. చేను నాకు” అంది అవ్వ.

సెంటర్ యజమాని ఫక్కున నవ్వాడు. నేను నవ్వకుండా ఉండాలని చాలా ప్రయత్నించాను, కుదరలేదు. నవ్వుతుంటేనే బుర్ర వెలిగింది. దారాలు అబద్ధం చెప్పాయి. చేలు చెప్పవు. ఎవరు విత్తారో, ఎవరు విత్తలేదో చూస్తే వాళ్లు నిజంగా ఎంత పదును చూశారో తెలిసిపోతుంది.

రెండో చేనిలో గొర్రు నడుస్తోంది. తవ్వితే జానెడు మీద రెండు వేళ్లు. మూడో చేను ఖాళీ. నాలుగు వేళ్లు. నాలుగోది విత్తడం అయిపోయింది. జానెడు. ఐదో చేనిలో పల్లపు సగం విత్తి, మెరక సగం వదిలేశారు. ఆ చేనావిడ తన కర్ర మీద కూడా జానెడే కట్టింది మరి. నేను రెండు వైపులా తవ్వాను. పల్లంలో జానెడు, మెరకలో బెత్తెడున్నర. ఆమె మోకాళ్ల మీద కూర్చుని నన్నే చూస్తోంది, తప్పు చేసినట్టుగా. నేను ఆమెను వాటేసుకున్నాను. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. నా చీరంతా ఎర్రమట్టి. ఇన్నేళ్లలో ఏ రైతు చేనిలోనూ నేను అంత ఆనందంగా మోకాళ్ల మీద కూలబడలేదు.

మిగిలిన మూడు చేలకు పోవడానికి టైము లేదు. బురద దారుల్లో బండిని తోసుకుంటూ సెంటర్‌కు తిరిగి వచ్చేసరికి నాలుగున్నర. పాత పట్టిక కొట్టేసి ఐదు చేలు రాశాను. మూడు ఖాళీగా వదిలాను. మొదట వచ్చిన కొలతలు ఎందుకు పనికిరావో కూడా రాశాను. ఇది నా పరీక్ష అని చెప్పానే గానీ, సరైన కొలత ఎందుకు కావాలో వాళ్లకు చెప్పలేదు, తప్పు నాది అని రాశాను. ఐదింటికి కరెంటు పోయింది. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో తెలియదని ఆయన మిగతా రెండు కంప్యూటర్లూ ఆపేసి, ఫ్యానూ ఆపేసి, నా పక్కన కూర్చుని ఫైలు పోతున్న ఆకుపచ్చ గీతనే చూస్తూ ఉన్నాడు. అవ్వ గుమ్మంలో కూర్చుంది. ఆరుకు పది నిమిషాలుండగా ‘అందింది’ అని వచ్చింది. ఆయన గట్టిగా చదివి వినిపించాడు. అవ్వ లేచి, తన కర్ర ఒక్కటీ తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత రెండు వారాలకు ఇంకో వాన పడింది. ఆగిన వాళ్లు అప్పుడు విత్తారు. ఆ ఏడాది పంట మరీ గొప్పగానూ కాలేదు, మరీ పాడుగానూ కాలేదు. మా దగ్గర దాన్ని మంచి ఏడాది అనే అంటాం.

ఫలితం దసరా ముందు వచ్చింది. యాభై రావాలి, యాభై నాలుగు వచ్చింది. మూడు చేలు తగ్గినందుకు మార్కులు కోశారు. సగం విత్తిన చేను గురించి రాసిన పేరా కింద మాత్రం ఆ చిన్నపిల్ల టీచరు, దీన్ని వచ్చే ఏడాది పాఠంలో వాడుకోవచ్చా అని అడిగింది. ఆ కాగితం ప్రింటు తీయించుకుని నేరుగా వాగు అవతలికి పోయాను.

అవ్వ చేనిలో కలుపు తీస్తోంది. బస్టాండులో అరిచిన నాటి నుంచి ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. గట్టు మీద కూర్చుని, “ఆ రోజు అలా అరవకుండా ఉండాల్సింది అవ్వా” అన్నాను.

“కోపమొచ్చింటాది, పోనీలే. పాసైతివా?”

“అయ్యాను.”

“ఎంత దిగింది?”

ఆ రోజు ఆమె తీసుకుపోయిన వేప కర్ర గట్టు మీదే గుచ్చి ఉంది, దారం వేలాడుతూ. నేను దాన్ని పెరికి, జానెడు దగ్గర బొటనవేలు పెట్టి చూపించాను. ఇంకొంచెం పైనే పెట్టాను.

అవ్వ నా ముఖం చూసింది. తర్వాత మట్టి చేత్తో నా వేలు పట్టుకుని, మెల్లగా కిందికి జరిపి, బెత్తెడు దగ్గర ఆపింది.

“ఈడికి కదా?”

“ఆడికే అవ్వా.”

“చాల్లే” అని మళ్లీ కలుపులోకి వంగింది.